‘గ్యాస్ అని చెప్పు’ అనే అమ్మకు, ఆ అమ్మ కూతురికి

ప్రశ్న: అక్కా, నాకు 25 ఏళ్లు. మాది విశాఖలో కూర్మన్నపాలెం. పరవాడ ఫార్మాసిటీలో ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో కెమిస్టుని. రెండేళ్ల కింద మోషన్‌లో రక్తం, జిగట పడడం మొదలైంది. మొలలు అనుకుని ఏడాది పాటు ఏవేవో వాడాం. చివరికి కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు అన్నారు. మెసలమైన్ మాత్రలు రెండు పూటలా, రాత్రి మలద్వారంలో పెట్టుకునే సపోజిటరీ ఇచ్చారు. ఆరు నెలలుగా బాగుంది. ఇప్పుడు ఒక సంబంధం దాదాపు ఖాయమయ్యేలా ఉంది, అబ్బాయి నాకు నచ్చాడు. అమ్మ మాత్రం ‘జబ్బు సంగతి ఎవరికీ చెప్పకు, అడిగితే గ్యాస్ అని చెప్పు, పెళ్లయ్యాక మాత్రలు మానేద్దువులే’ అంటోంది. మాత్రలన్నీ విటమిన్ సీసాలో పోసి పెట్టింది. అక్క, పిల్లలు వచ్చి నా గదిలోనే ఉంటున్నారు కాబట్టి సపోజిటరీ మానేశాను. నెల నుంచి మాత్రలు కూడా ఒక పూటే వేస్తున్నాను. కంపెనీ బస్సు ఊరంతా తిరిగి వెళ్తుంది, దారిలో అర్జెంటవుతుందేమోనని పొద్దున ఏమీ తినకుండా ఎక్కుతున్నాను. అబ్బాయికి చెప్పాలా, వద్దా?
పేరు రాయొద్దు, కూర్మన్నపాలెం

జవాబు: చెల్లీ, నువ్వడిగిన ప్రశ్న ఉత్తరం చివర్లో ఉంది, నాకు భయం వేసిన మాట దానికి కాస్త పైన ఉంది. నెల నుంచి ఒక పూటే. పెళ్లి సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ రెండో పూట ఎక్కడికి పోయిందో చూద్దాం.

నేను డాక్టర్ని కాదు. అక్కయ్యపాలెంలో ఉంటాను, బడిలో సోషల్ చెప్తాను, 2008 నుంచి, అంటే నాకు 27 ఏళ్లప్పటి నుంచి ఇదే జబ్బుతో కాపురం చేస్తున్నాను. నన్నూ మొలలనే అన్నారు. ఊళ్లో ఒక క్లినిక్‌లో కనీసం పరీక్ష చేసి చూడకుండానే, బల్ల అవతల నుంచే మొలలని రాసిచ్చారు, ఎనిమిది నెలలు ఆ పూతమందులు పూసుకున్నాను. అది తగ్గకపోతే అమీబియాసిస్ అన్నారు, ఆ కోర్సులు మూడు. మధ్యలో మా పిన్ని ఎక్కడి నుంచో పసరు తెచ్చింది, దాని గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. రోజుకి పది పన్నెండు సార్లు బాత్రూమ్‌కి పరిగెత్తి, రక్తం 7 గ్రాములకి పడిపోయి, బోర్డు మీద రాస్తూ కళ్లు తిరిగి పడిపోయాక గానీ ఎవరూ లోపల గొట్టం పెట్టి చూద్దాం అనలేదు. అందుకే ఇది చదివే మిగతావాళ్లకి కూడా చెప్తున్నా, మోషన్‌లో రక్తం రెండు మూడు వారాలు దాటి పడుతుంటే, రాత్రి నిద్రలోంచి లేచి మరీ వెళ్లాల్సి వస్తుంటే, బరువు తగ్గిపోతుంటే, మొలలని మీకు మీరే తేల్చేసుకోకండి. గ్యాస్ట్రో డాక్టరుకి చూపించుకోండి. కార్పొరేట్ ఆస్పత్రికే వెళ్లాలని లేదు, మన ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లోనూ ఆ విభాగం ఉంది.

ఇప్పుడు నీ సంగతి. ‘ఆరు నెలలుగా బాగుంది’ అని రాశావు. బాగుంది కాబట్టి సగం మానేశావు. ఎందుకు బాగుందంటే మందు వల్ల. ఇది ప్రతివాళ్లకీ తెలిసిన విషయమే అనిపిస్తుంది కానీ ఈ జబ్బున్న వాళ్లలో సగం మంది జీవితం ఇక్కడే తిరగబడుతుంది, నాదీ తిరగబడింది, 2010లో, అచ్చం నీలాగే, నాలుగు నెలలు హాయిగా ఉండేసరికి డబ్బాలు అటకెక్కించాను. మూడో నెల చివర్లో ఆస్పత్రి మంచం మీద ఉన్నాను.

నువ్వు కెమిస్టువి కాబట్టి నీ భాషలో అడుగుతాను. శాంపిల్ కంటికి తెల్లగా బాగుంది కదా అని టెస్టు చెయ్యకుండా బ్యాచ్ రిలీజ్ చేస్తావా? పేగు కూడా అంతే. నొప్పి లేదు, రక్తం లేదు అంటే లోపలి పొర మానిపోయిందని కాదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అని ఒక ప్రొటీన్ కొలుస్తారు, అది తెల్లకణాల్లో ఉండే పదార్థం, పేగు వాచి ఉంటే ఆ కణాలు అక్కడికి చేరి అది మలంలోకి దిగుతుంది. చాలాసార్లు మనకి ఏ ఇబ్బందీ తెలియక ముందే ఆ అంకె పెరగడం మొదలవుతుంది. చిన్న డబ్బాలో శాంపిల్ ఇస్తే చాలు, కొలనోస్కోపీకి ముందు రోజు తాగే ఆ ఉప్పు నీళ్ల యాతన లేదు. నీకు ఈ వారం చేయాల్సిన పరీక్ష అదే, డాక్టర్ని అడుగు. అంకె ఎంత వచ్చిందో ఒక నోట్‌బుక్‌లో తేదీతో సహా రాసుకో, నీకు అలవాటైన పనే కదా.

మెసలమైన్ గురించి 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. జబ్బు సద్దుమణిగిన వాళ్లనే తీసుకుని, మాత్రలు సరిగ్గా వేసుకున్న వాళ్లనీ వేసుకోని వాళ్లనీ పోల్చి చూస్తే, వేసుకోని వాళ్లకి తిరగబెట్టే ప్రమాదం ఐదు రెట్లు పైనే తేలింది. ఐదు రెట్లమ్మా. అదేమో పెద్ద దుష్ప్రభావాలున్న మందూ కాదు, అప్పుడప్పుడూ కిడ్నీ కోసం క్రియాటినిన్ చూయించుకుంటూ ఏళ్ల తరబడి వాడే మందు. పైగా చాలామందికి రెండు పూటల మోతాదూ కలిపి ఒకేసారి వేసుకున్నా అదే ఫలితం ఉంటుంది. అంటే నీకు కష్టమైంది రెండోసారి సీసా తియ్యడమే అయితే, మోతాదు సగం చెయ్యక్కర్లేదు, మొత్తం ఒక పూటే వేసుకోవచ్చా అని డాక్టర్ని అడిగితే సరిపోయేది. అడగలేదు, ఎందుకంటే మీ ఇంట్లో అదొక దాచిపెట్టే వస్తువు అయిపోయింది, దాచిపెట్టే వస్తువు గురించి ఎవరినీ ఏమీ అడగలేం.

సపోజిటరీ సంగతి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేనే మాట్లాడతా. అల్సరేటివ్ కొలైటిస్ ఎప్పుడూ మలద్వారం దగ్గర, పెద్దపేగు చివరి భాగంలో మొదలై అక్కడి నుంచి పైకి పాకుతుంది. మెసలమైన్ రక్తంలో కలిసి కాదు, పేగు పొర మీద తగిలే చోట పనిచేసే మందు. మింగిన మాత్ర ఆ చివరి భాగం దాకా వెళ్లేసరికి మిగిలేది తక్కువ, కింద నుంచి పెట్టింది నేరుగా అక్కడే పడుతుంది. అందుకని మాత్ర కన్నా అదే ముఖ్యమైన రోజులుంటాయి. గదిలో అక్క పిల్లలు ఉంటే ఏమైంది, పడుకోబోయే ముందు బాత్రూమ్‌లో నీళ్లతో తడిపి పెట్టుకుని వచ్చి పక్క మీద ఒరిగితే చాలు, ఎవరికీ తెలియదు. మన మే నెల ఎండకి అవి మెత్తబడి చేతికంటుకుంటాయి, ఫ్రిజ్ తలుపులో కాసేపు పెడితే గట్టిపడతాయి. ఫ్రిజ్‌లో పెడితే ఇంట్లో అందరికీ కనిపిస్తాయంటావా, కనిపించనీ. మా ఇంట్లో చింతపండు డబ్బా పక్కనే ఉంటాయి.

మీ అమ్మగారికి రెండు ముక్కలు, ఇది ఆవిడకి చదివి వినిపించు. అమ్మా, ఇది గ్యాస్ కాదు. గ్యాస్ వల్ల రక్తం పడదు. ఐబీఎస్ అని ఇంకోటి ఉంది, పేరు దగ్గరగా ఉంటుంది, అందులో పేగు పని తీరు గతి తప్పుతుంది గానీ పుండు పడదు. మీ అమ్మాయిది ఐబీడీ, అంటే పేగు వాచి పుండ్లు పడే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి సొంత పేగు మీదే తిరగబడడం. ఎందుకొస్తుందో ఒక్క కారణం ఎవరూ చెప్పలేరు, కొంత పుట్టుకతో వచ్చే జన్యువులు, కొంత పేగులో ఉండే సూక్ష్మజీవులు, కొంత మారిన బతుకులు. ఆవకాయ తిన్నందుకు రాలేదు, టైముకి తిననందుకు రాలేదు, ఎవరి దిష్టీ తగల్లేదు. అంటుకోదు, కంచం వేరు చెయ్యక్కర్లేదు. ఇందులో రెండు రకాలు, పెద్దపేగు లోపలి పొరకే పరిమితమైంది అల్సరేటివ్ కొలైటిస్, నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా, అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా, పేగు గోడ మొత్తం మందాన పట్టేది క్రోన్స్. క్రోన్స్‌కి మన దేశంలో ఇంకో చిక్కుంది, పేగుకి వచ్చే టీబీ అచ్చం అలాగే కనిపిస్తుంది, అందుకే ఒక్కోసారి డాక్టర్లు తేలకపోతే ముందు టీబీ మందులే ఇచ్చి చూస్తారు. టీబీ ఉన్న మనిషికి పొరపాటున స్టెరాయిడ్ పడితే పెద్ద ప్రమాదం కాబట్టి ఆ జాగ్రత్త.

ఇక ‘పెళ్లయ్యాక మానేద్దువులే’ అనే మాట. అమ్మా, ఇది షుగరు, బీపీ లాంటిదే అనుకోండి. పెళ్లయ్యాక షుగరు మాత్ర మానేయమంటారా?

మీ భయం నాకు తెలియదనుకోకండి. మా అమ్మ కూడా ఇలాగే భయపడింది. నాకు స్టెరాయిడ్లు ఇచ్చిన రోజుల్లో, అంటే నేను నిజంగా మంచాన పడి లేచిన రోజుల్లో, ముఖం ఉబ్బి పున్నమి చంద్రుడిలా అయింది. పక్కింటావిడ ‘ఏటమ్మా, ఒళ్లు చేసినావు, ఇప్పుడు కళగా ఉన్నావు’ అంది. అంతకు ముందు ఆరు నెలలు ఎముకల గూడులా ఉంటే ‘డైటింగా’ అని అడిగిందీ ఆవిడే. ఆ జబ్బు మనిషి మీద కనిపించే తీరు అంత అడ్డదిడ్డంగా ఉంటుంది. చూడ్డానికి బాగున్నావు కదా అనే మాట నేను వినని వారం లేదు. అన్నట్టు, స్టెరాయిడ్ ఎవరైనా ఇస్తే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, ఒక్కసారిగా ఆపకూడదు, బాగుందని సొంతంగా కొనుక్కుని నెలల తరబడి మింగకూడదు. అది మంట ఆర్పడానికే, కాపలాకి వేరే మందులుంటాయి.

బస్సు సంగతికి వస్తే, ఇక్కడ నేను కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టు. ఈ జబ్బున్న ప్రతి మనిషి బుర్రలోనూ ఒక మ్యాపు ఉంటుంది. విశాఖలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నా మ్యాపులో గుళ్లూ సినిమా హాళ్లూ ఉండవు. ఏ పెట్రోల్ బంకు బాత్రూమ్‌లో నీళ్లొస్తాయి, ఏ ఆస్పత్రిలో కింది అంతస్తులోకి వెళ్తే ఎవరూ ఏమీ అడగరు, మద్దిలపాలెంలో ఏ షాపులో సేల్స్ అమ్మాయిలు మంచివాళ్లు, బీచ్ రోడ్డులో ఏ సులభ్ కాంప్లెక్స్ సాయంత్రం ఎన్నింటికి మూస్తాడు, ఇవే ఉంటాయి. ఎన్‌ఏడీ దగ్గర ఫ్లైఓవర్ కట్టే రోజుల్లో ఆ జంక్షన్ దాటడమంటే నాకు సముద్రం ఈదినట్టుండేది. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా వధూవరులకన్నా ముందు నేను వెతికేది బాత్రూమ్ తలుపు.

ఒకసారి జరగనే జరిగింది. 2009లో, గాజువాక వెళ్లే సిటీ బస్సులో, షీలానగర్ దగ్గర. కూర్చునే సీటు కూడా లేదు, నిలబడే ఉన్నాను. చేపల బుట్టతో ఎక్కిన ఒకావిడ నా ముఖం చూసి ఏం అర్థం చేసుకుందో గానీ, తల మీద చుట్టకుదురుగా పెట్టుకున్న తువ్వాలు విప్పి ‘ఏటీ అవలేదు, ఇది కట్టుకో’ అని ఇచ్చి, నేను దిగేదాకా నా వెనకాలే అడ్డంగా నిలబడింది. నాతోపాటు దిగి, ఎవరింటి పెరట్లోనో నీళ్లు అడిగి ఇప్పించి, మళ్లీ బుట్ట ఎత్తుకుని తర్వాతి బస్సెక్కింది. చేపల వాసన పుణ్యమా అని ఆ బస్సులో నా సంగతి ఎవరికీ తెలిసి ఉండదు. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను. ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు రోజూ దేనికి భయపడి కడుపు మాడ్చుకుంటున్నావో అది నాకు జరిగింది, జరిగాక కూడా మర్నాడు బడికి వెళ్లి పిల్లలకి పటం మీద గోదావరి చూపించాను.

తినకుండా వెళ్లడం మందు కాదు. తిన్న కాసేపటికి పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే, మనకి కాస్త ఎక్కువ. దానికి మార్గం పస్తు కాదు, గంట ముందు లేవడం. లేవగానే రెండు ఇడ్లీయో మెత్తటి అన్నమో తిని, కాలకృత్యాలకి టైమిచ్చి, అప్పుడు బస్సు. బస్సులో తలుపు దగ్గరి సీటు అడిగి మరీ తీసుకో. బ్యాగులో ఒక చిన్న సంచి, అందులో మార్చుకునే లోదుస్తులు, ప్యాడ్, ఒక లెగ్గింగ్, నీళ్ల సీసా, టిష్యూలు, ముడేసే కవరు. సంగతేమిటంటే ఆ సంచి ఉందనే ధైర్యానికే సగం సార్లు అవసరం రాదు. డ్రైవర్‌కి ఒక మాట చెప్పి ఉంచు, ‘కడుపు జబ్బుంది అన్నా, ఎప్పుడైనా ఆపమంటే ఆపాలి’ అని. వివరాలు అక్కర్లేదు. ల్యాబ్‌లో మీ ఇన్‌చార్జికి మాత్రం జబ్బు పేరు చెప్పి డాక్టరు ఇచ్చిన కాగితం ఒకటి ఇవ్వు, షిఫ్టుల మార్పు దగ్గర, సెలవుల దగ్గర పనికొస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు చేర్చారు గానీ అందులో మన జబ్బు లేదు, కాబట్టి మన మాటా మన కాగితమే మనకి దిక్కు. ఈఎస్ఐ కార్డు ఉంటే అక్కడా, లేకపోతే ఇప్పటికీ మనందరం ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్లోనూ ఏమేం కవరవుతాయో అడుగు.

తిండి విషయంలో ఊరంతా సలహాలిస్తారు. జబ్బు రేగిన రోజుల్లో మెత్తగా ఉడికినవే దారి, పెసరకట్టు, ఆనపకాయ, అరటిపండు, పల్చటి అన్నం. పాలు కొందరికి పడవు. నాకు చోడి (రాగి) అంబలి బాగా పడుతుంది, నాతోపాటు అదే డాక్టరు దగ్గరికొచ్చే ఒకావిడకి చోడి వాసన తగిలినా కడుపు తిప్పేస్తుంది. కాబట్టి నీ నోట్‌బుక్కే నీ పథ్యం. బాగున్న రోజుల్లో నేను ఆవకాయ తింటాను, బీచ్‌లో ముంత మిక్చర్ కూడా, పచ్చి ఉల్లిపాయ వెయ్యకుండా, తిన్నాక ఎవరికీ చెప్పను. ఐరన్, బీ12, విటమిన్ డి మాత్రం పరీక్ష చేయించుకుంటూ ఉండు, రక్తం పోయిన ఒంటికి నీరసం సోమరితనం కాదు.

ఇంకొకటి, ఆడవాళ్లకి ఎవరూ చెప్పనిది. నెలసరి నొప్పికి షాపులో అడిగి వేసుకునే మాత్రలు, ఒళ్లునొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఇవన్నీ ఒకే జాతి, కొందరిలో ఈ జబ్బుని రేపుతాయి. అలాంటప్పుడు పారాసిటమాల్‌తో సరిపెట్టుకుని, చాలకపోతే డాక్టర్ని అడుగు. మోషన్లు ఆగడానికి షాపువాడిచ్చే మాత్ర కూడా జబ్బు బాగా రేగినప్పుడు వెయ్యకూడదు, పేగు కదలిక ఆగి ఉబ్బిపోయే ప్రమాదముంది. రోజుకి ఆరు సార్లో అంతకు మించో రక్తంతో వెళ్తూ, దానికి జ్వరమో గుండెదడో తోడైతే, పొద్దున్న చూద్దాం అనుకోకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి.

సరే, అబ్బాయి. చెప్పాలి. ఖాయమయ్యాక కాదు, ఇప్పుడే, పెద్దవాళ్ల ద్వారా కాదు, నువ్వే అతనికి. పెద్దవాళ్ల ద్వారా వెళ్తే నీ అల్సరేటివ్ కొలైటిస్ మూడో ఇంటికి చేరేసరికి క్యాన్సర్ అయిపోతుంది. నాకు మొదటి సంబంధం అలాగే పోయింది, మధ్యవర్తి ‘అమ్మాయికి పేగు కుళ్లిపోయిందట’ అని చెప్పాడు. ఆ రోజు మా అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. రెండో సంబంధానికి నేను వినలేదు, అబ్బాయిని బీచ్ రోడ్డులో కలిసి నేనే చెప్పాను. చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తే: ‘నాకు పెద్దపేగులో పుండ్లు పడే జబ్బుంది. అంటుకోదు. పూర్తిగా పోదు, మందుతో అదుపులో ఉంటుంది. కొన్ని రోజులు నేను బాత్రూమ్‌లోనే ఎక్కువ ఉంటాను. మీకేం అడగాలనుంటే నన్నడగండి, కావాలంటే మా డాక్టర్ని అడగండి.’ అతను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘మీకు ఇప్పుడు వెళ్లాల్సిన అవసరం ఉందా’ అని అడిగాడు. ఉంది. అలా పెళ్లయింది.

అతను ‘వద్దు’ అన్నా అనచ్చు. అప్పుడు నొప్పి పుడుతుంది, దాన్ని నేను చిన్నది చెయ్యను. కానీ చెప్పకుండా చేసుకుంటే ఏమవుతుందో ఆలోచించు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, ఒకే బాత్రూమ్, విటమిన్ సీసా తీసే వీలు కూడా ఉండదు, ముందు సపోజిటరీ పోతుంది, తర్వాత మాత్రలు పోతాయి, మూడో నెలలో రక్తం మొదలైతే ‘అత్తారింట్లో అడుగు పెట్టగానే’ అనే మాట పడేది నీ మీదే. ఇప్పుడు మీ సొంత ఇంట్లో, మీ సొంత అక్క ముందు దాచలేక ఒక పూట మానేసినదానివి, అక్కడ దాస్తావా?

పిల్లల గురించి అడుగుతారు, జవాబు తెలిసి ఉండాలి. జబ్బు అదుపులో ఉంటే గర్భం రావడానికి ఇది అడ్డం కాదు. అదుపులో ఉన్న నెలల్లో గర్భం వస్తే చాలామందికి సాఫీగానే గడుస్తుంది, రేగి ఉన్నప్పుడు వస్తే ఇబ్బంది ఎక్కువ, అందుకే డాక్టరుతో మాట్లాడి ప్లాన్ చేసుకోవాలి. మెసలమైన్ గర్భంలో కూడా వాడతారు, మానకూడదు. మెథోట్రెక్సేట్ లాంటివి కొన్ని మాత్రం అస్సలు పనికిరావు, నువ్వు వాడడం లేదు కాబట్టి నీకా చింత లేదు. అమ్మానాన్నల్లో ఒక్కరికే ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం వందలో కొద్దిమందికే. మా వాడికి 13 ఏళ్లు, వాడి కడుపుకి ఇప్పటిదాకా తెలిసిన జబ్బు పానీపూరీ ఒక్కటే.

మా అత్తగారు మొదట్లో నా జబ్బుని నమ్మేది కాదు, ‘బాత్రూమ్‌లో కూర్చుంటే పని తప్పుతుందని’ అన్నట్టుండేది ఆవిడ చూపు. 2020 ఆగస్టులో, కరోనా రోజుల్లో, టీవీలో జపాన్ ప్రధాని షింజో అబే రాజీనామా వార్త వచ్చింది. ఆయనకి చిన్నప్పటి నుంచీ ఇదే అల్సరేటివ్ కొలైటిస్. 2007లో ఒకసారి దీనివల్లే దిగిపోయాడు, 2012లో మళ్లీ ప్రధాని అయి, ఆ దేశంలో అందరికన్నా ఎక్కువ కాలం ఆ కుర్చీలో ఉన్నాడు, మళ్లీ జబ్బు రేగితే దిగిపోయాడు. మా అత్తగారు టీవీ ముందు నుంచి మా ఆయన్ని కేకేసింది, ‘ఒరే, ప్రధానమంత్రికే ఉందిట్రా ఈ జబ్బు!’ ఆ రోజు నుంచి మా ఇంట్లో నాకు హోదా పెరిగింది. మే 19న ప్రపంచ ఐబీడీ దినం జరుపుతారు, ఊదారంగు రిబ్బన్లు పెడతారు, మంచిదే, కానీ మా ఇంట్లో అవగాహన తెచ్చింది మాత్రం ఆ పదిన్నర వార్తలే.

ఏళ్లు గడిచే కొద్దీ చేసుకోవాల్సింది ఒకటుంది. జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటాక బాగున్నా సరే డాక్టరు చెప్పిన లెక్కన కొలనోస్కోపీ చేయించుకోవాలి, చాలా ఏళ్లు వాపు ఉన్న పెద్దపేగులో క్యాన్సర్ ముప్పు కాస్త ఎక్కువ కాబట్టి, ముందే పట్టుకోవడానికి. నీకు ఇంకా టైముంది. మాత్రలు పనిచెయ్యని రోజు వస్తే ఇంకా పైమెట్టు మందులున్నాయి. నాకు అందులో అజాతయోప్రిన్ అనే మందు పడక తెల్లకణాలు పడిపోయి దువ్వెన నిండా జుట్టు వచ్చేసింది, ఇప్పుడైతే అలా ఎవరికి పడదో ముందే చెప్పే జన్యు పరీక్ష ఉంది. ఇంజెక్షన్లున్నాయి, వాటికి ముందు టీబీ, హెపటైటిస్ పరీక్షలు చేస్తారు. మరీ తప్పకపోతే ఆపరేషన్ ఉంది. వీటన్నిటి గురించీ ఇప్పుడే గూగుల్‌లో చదివి నిద్ర పాడుచేసుకోకు.

సింహాచలం గిరిప్రదక్షిణ నేను ఎనిమిదేళ్లు చెయ్యలేదు. 32 కిలోమీటర్లు, దారిలో ఎక్కడ ఏముందో తెలియక. ప్రతి ఆషాఢంలో అప్పుఘర్ దగ్గర రోడ్డు పక్కన నిలబడి నడిచేవాళ్లకి మజ్జిగ పోసేదాన్ని, అదీ పక్క వీధిలో మా తోటికోడలి ఇల్లుంది కాబట్టి. 2017లో మొదటిసారి నడిచాను, సంచి భుజాన వేసుకుని, మా ఆయన ముందు నడుస్తూ బాత్రూమ్‌లు చూసి పెడుతుంటే. నాలుగు సార్లు ఆగాం. అప్పన్న ఏమీ అనుకోలేదు.

శనివారం నీకు సగం రోజే అయితే ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్లు, అమ్మనీ వెంట తీసుకెళ్లు, ‘పెళ్లయ్యాక మానేయచ్చా’ అని ఆవిడనే అడగనివ్వు. నెల నుంచి తగ్గించానని డాక్టరుకి దాచకుండా చెప్పు, తిడితే తిడతారు. అబ్బాయిని ఆదివారం కలుస్తావో ఆపై వారం కలుస్తావో నీ ఇష్టం. ఈ రాత్రి మాత్రం డాక్టరు రాసిన రెండో పూట మాత్ర వేసుకో, విటమిన్ సీసాలోంచి తీసి వాటి అసలు డబ్బాలో పోసి, అక్కకి కనిపించేలా టేబుల్ మీద పెట్టు.